బోరు నీళ్ళలో పెట్రోల్ వాసన వస్తే: మొదటి గంట నుంచి మళ్ళీ ఆ నీళ్ళు తాగేదాకా

పొద్దున్నే కుళాయి తిప్పగానే పెట్రోల్ వాసన గుప్పుమందా? వీధి మొదట్లో బంకు ఉందా? అయితే మిగతా పనులన్నిటికంటే ముందు ఒక్క మాట వినండి. మోటారు వేసి, వాసన పోయేదాకా నీళ్ళు తోడి పారబోద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

భూగర్భజలాల పని మీద నేను తిరిగిన ఒక పట్టణంలో ఒక వీధి వాళ్ళు అదే చేశారు. నాలుగిళ్ళ మోటార్లు నాలుగు రోజులు ఆపకుండా నడిపారు. మొదటి ఇంట్లో వాసన తగ్గింది, హమ్మయ్య అనుకున్నారు. నెల తిరక్కుండానే వెనక వీధిలో, అప్పటిదాకా బాగున్న రెండు బోర్లలోకి వాసన వచ్చింది. మోటారు ఎటు లాగితే నీరు అటు నడుస్తుంది, నీటితో పాటు పెట్రోలూ నడుస్తుంది. అది ఎక్కడ ఉందో, ఎటు పోతోందో కొలిచి చూసుకున్నాకే దాన్ని కదిలించాలి. ఎలా కొలవాలో, ఎవరి చేత కొలిపించాలో, ఆ తర్వాత ఎలా తీయించాలో వరుసగా చెబుతాను.

మొదటి గంట

తాగడం, వండడం ఆపేయండి. ఆ నీళ్ళతో స్నానం కూడా వద్దు, ముఖ్యంగా వేడినీళ్ళ స్నానం. కాచి తాగితే సరిపోతుందని పెద్దవాళ్ళు అంటారు. సూక్ష్మక్రిముల విషయంలో ఆ మాట నిజమే. పెట్రోల్ విషయంలో మాత్రం కాచినప్పుడు విషం ఆవిరై వంటింటి గాలిలోకి వస్తుంది, దాన్ని మనం పీలుస్తాం. క్యాండిల్ ఫిల్టర్ దీన్ని ఆపలేదు. ఇంట్లో ఉన్న ఆర్వో మిషన్ మీద కూడా భరోసా పెట్టుకోకండి.

బోరులో బ్లీచింగ్ పౌడర్ పోయడం మనకు అలవాటు. ఇక్కడ దానివల్ల ఏ ఉపయోగమూ లేదు, సబ్బు నీళ్ళూ పోయొద్దు. పెట్రోల్‌ను అవి పోగొట్టవు, కొత్త చిక్కులు తెస్తాయి.

వాసన ఘాటుగా ఉంటే ప్రాణానికి ముప్పు నిప్పుతోనే. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. బావిలో, సంపులో, మోటారు గుంటలో, మురుగు కాలువలో అడుగున పేరుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం దాకా ఉన్నా చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. మోటారు స్టార్టర్ వేసినా, ఆపినా రవ్వ పుడుతుంది. కాబట్టి ఆ గుంట దగ్గరున్న స్విచ్చి ముట్టుకోకుండా, దూరంగా మీటరు దగ్గర మెయిన్ కట్టేయండి. బావిలో గాలి ఉందో లేదో చూడటానికి దీపం దింపే పాత పద్ధతి ఇక్కడ ఎంతమాత్రం పనికిరాదు. లోపలికి ఎవరూ దిగకూడదు. 101కి ఫోన్ చేయండి.

నిజంగా పెట్రోలేనా?

ఒక గాజు సీసాలో నీళ్ళు పట్టి వెలుగులో చూడండి. పైన ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే ఒక పుల్లతో దాన్ని కదపండి. పొర పెంకుల్లా ముక్కలై విడివిడిగా నిలిచిపోతే అది ఇనుము తినే బాక్టీరియా వల్ల వచ్చిన పొర, మన నేలల్లో మామూలే. పుల్ల తీయగానే రంగులు మళ్ళీ కలిసిపోతే అది నూనె.

పొర లేదు, వాసన లేదు కాబట్టి భయం లేదనుకోకండి. పెట్రోల్‌లో మనం ఎక్కువగా భయపడాల్సింది బెంజీన్. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం, నీటిలో ఇట్టే కరుగుతుంది. తాగే నీటిలో దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. నీటిలో దాని వాసన మన ముక్కుకు అందాలంటే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఉండాలి, అంటే హద్దుకు వెయ్యి రెట్లు. మీరు పసిగట్టిన వాసన ఎక్కువగా టోలుయీన్, జైలీన్ లాంటి తోటి పదార్థాలది. అందుకే 'వాసన పోయింది, ఇక తాగొచ్చు' అనే మాటను నేను ఎప్పుడూ ఒప్పుకోను.

ఎంత పెట్రోల్ ఎంత నీటిని పాడుచేస్తుందో ఒకసారి లెక్క వేయండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే బీఎస్-6 పెట్రోల్‌లో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. లీటరు పెట్రోల్‌లో 10 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 8.8 గ్రాములు. అదంతా నీటిలో కరిగితే సుమారు 8.8 లక్షల లీటర్లు హద్దుకు చేరుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే 170కి పైగా. ఒక్క లీటరుకు!

నీళ్ళ పరీక్ష: ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి

వాటర్ ప్లాంటు వాళ్ళ టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) పెట్రోల్‌ను పట్టలేదు. కాఠిన్యం, ఫ్లోరైడ్ చూసే మామూలు పరీక్షలోనూ ఇది కనిపించదు. రిపోర్టు 'అంతా నార్మల్' అని వచ్చి, దాన్ని నమ్మి తాగిన కుటుంబాలను చూశాను. అడగాల్సింది బీటెక్స్ పరీక్ష: బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ ఈ నాలుగూ. జీసీ-ఎంఎస్ మిషన్ (ఒక్కో రసాయనాన్ని విడదీసి కొలిచేది) మీద చేసే, ల్యాబ్‌ల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్ళండి. ఆ గుర్తింపు ఈ పరీక్షకే ఉందో లేదో, లీటరుకు 0.001 మిల్లీగ్రాము దాకా పట్టగలరో లేదో ముందే అడగండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో మినరల్ ఆయిల్‌కు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల హద్దు ఉంది. ఆ ఒక్కటీ చూసి ఊరుకుంటే బెంజీన్ తప్పించుకుంటుంది.

శాంపిల్ పట్టేటప్పుడు ప్లాస్టిక్ వాటర్ బాటిల్ వాడొద్దు. ల్యాబ్ వాళ్ళు 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలు, కొన్ని చుక్కల యాసిడ్ వేసి ఇస్తారు. ఆ యాసిడ్ ఒలకబోయకండి, కడగకండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కాకుండా బోరు దగ్గరే, సన్నని ధారగా, బుడగలు రాకుండా, సీసా గోడ మీదుగా జారవిడవండి. అంచు దాటి నీరు గుండ్రంగా ఉబ్బి నిలిచాక మూత బిగించండి. తర్వాత సీసాను తలకిందులు చేసి అరచేతి మీద తట్టండి. లోపల బుడగ కనిపిస్తే పనికిరాదు, కొత్త సీసా తీసుకోండి. ఆ చిన్న బుడగలోకే బెంజీన్ ఆవిరై చేరుతుంది, ల్యాబ్‌లో లెక్క తగ్గిపోతుంది.

సీసాలు ఐస్ డబ్బాలో పెట్టండి. దారిలో బండికి పెట్రోల్ పోయించుకోవద్దు. ల్యాబ్ ఇచ్చిన శుద్ధమైన నీటి సీసా ఒకటి మూత తీయకుండా వెంట తీసుకెళ్ళి అదీ పరీక్ష చేయించండి. అందులో బెంజీన్ తేలితే కలుషితం దారిలో జరిగిందని తెలుస్తుంది. యాసిడ్ వేసిన శాంపిల్ చల్లగా ఉంచితే 14 రోజులు ఆగుతుంది, కానీ మర్నాటికల్లా ల్యాబ్‌కు చేర్చడమే మేలు.

బోరు వద్దు, నల్లా నీళ్ళు ఉన్నాయిగా అని ధైర్యంగా ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. పెట్రోల్ ఇంకిన మట్టిలోంచి నల్లరంగు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు వెళ్తుంటే, పైపుకు చిల్లు లేకపోయినా బెంజీన్ దాని గోడలోంచి లోపలికి చేరగలదు. నల్లా నీళ్ళకూ ఇదే పరీక్ష చేయించండి.

ఎవరికి రాయాలి

కాగితం మీద రాయండి, తేదీ వేయండి, రసీదు తీసుకోండి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం, కలెక్టర్, బంకుకు పెట్రోల్ సరఫరా చేసే చమురు కంపెనీ, పెట్రోలియం లైసెన్సులిచ్చే పెసో, ఈ నాలుగు చోట్లకూ ఒకే ఉత్తరం వెళ్ళాలి. ఉత్తరంలో తిట్లు వద్దు, మూడు కోరికలు చాలు: ట్యాంకులకూ పైపులకూ వెంటనే ప్రెషర్ టెస్టు చేయాలి, మా సమక్షంలో శాంపిల్ తీసి సగం మాకివ్వాలి, ఫలితం తేలేదాకా తాగునీరు సరఫరా చేయాలి. బంకు కొత్తదైతే 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మార్గదర్శకాలు గుర్తుచేయండి. ఇళ్ళకూ బడులకూ 50 మీటర్ల దూరం ఉండాలి, ఎంత తప్పనిసరి పరిస్థితిలోనూ 30 మీటర్లకు తగ్గకూడదు.

కదలిక లేకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. 2010 నాటి చట్టం ప్రకారం నష్టపరిహారం కోసం, పాడైన చోటును బాగుచేయించడం కోసం వేసే అర్జీకి 5 ఏళ్ళ గడువు ఉంది, మిగతా పర్యావరణ వివాదాలకు 6 నెలలే. చెన్నై తండయార్‌పేటలో 2013లో పైపులైన్ లీకై బోర్లలో చమురు తేలినప్పుడు ఆ బెంచే రంగంలోకి దిగింది.

బంకు మీదే అయితే

డీలర్లతో నేరుగా మాట్లాడుతున్నాను, ఎందుకంటే లీకు మొదట తెలిసేది మీకే. రోజూ డిప్పు కొట్టి, అంటే ట్యాంకులోకి కొలత రాడ్ దింపి చూసి, రాసే ఆ రిజిస్టరే మీ మొదటి పరీక్ష. ఓపెనింగ్ స్టాకుకు లోడు కలిపి, అమ్మకం తీసేస్తే రావాల్సిన స్టాకు ఎంత, రాడ్ మీద కనిపించింది ఎంత? ఒక్కరోజు తేడాకు టెన్షన్ పడనక్కర్లేదు. పెట్రోల్ ఒక డిగ్రీ వేడికి సుమారు 0.12 శాతం వ్యాకోచిస్తుంది. ఎండలో వచ్చిన 15,000 లీటర్ల లోడు ట్యాంకులో 5 డిగ్రీలు చల్లబడితే 90 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. చూడాల్సింది నెల మొత్తం. మామూలు తేడాలు ఒకరోజు ప్లస్, ఒకరోజు మైనస్‌గా వచ్చి సర్దుకుంటాయి. లీకు మాత్రం ఎప్పుడూ మైనస్ వైపే. ఆ మైనస్‌ను 'ఆవిరైపోయిందిలే' అని కొట్టేసే అలవాటు వల్ల చిన్న లీకులు ఏళ్ళ తరబడి బయటపడవు.

వానాకాలంలో ట్యాంకులోకి నీరు చేరితే అదీ చిల్లుకు గుర్తే. అయితే ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. కొద్దిపాటి నీటిని ఇథనాల్ తనలో కలిపేసుకుంటుంది, నీరు తగిలితే రంగు మారేలా రాడ్‌కు పూసే మామూలు వాటర్ పేస్టు రంగు మారకపోవచ్చు. ఇథనాల్ పెట్రోల్‌కు పనికొచ్చే పేస్టే వాడండి. తరచు కారేది ట్యాంకు కాదు, పైపు కీళ్ళు, డిస్పెన్సర్ కింది భాగం. ఆ మూత తీసి చూడటానికి వారానికి పది నిమిషాలు పట్టదు. అనుమానం వస్తే ఆ ట్యాంకు అమ్మకం ఆపి, ఖాళీ చేయించి, కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. దాచిపెట్టిన ప్రతి నెలా శుభ్రం చేసే ఖర్చు పెరుగుతూ పోతుంది.

ఎటు పోతోందో కనిపెట్టడం

బంకు చుట్టూ 200 మీటర్లలో ఉన్న ప్రతి బోరూ, చేదబావీ ఒక కాగితం మీద గీయండి. ఎంత లోతు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దింపే పైపు) ఎంతవరకు దింపారు, నీరు ఎన్ని మీటర్ల కింద ఉంది, వాసన ఉందా అని పక్కన రాయండి. తర్వాత మూడు చోట్ల నీటి మట్టం కొలవాలి. కొలిచే ముందు రాత్రి చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపమని అందరినీ ఒప్పించి, తెల్లవారుజామున కొలవండి.

నేల ఎత్తుపల్లాలు కూడా లెక్కలోకి రావాలి. దానికి సర్వేయరే రానక్కర్లేదు, మేస్త్రీలు గోడ లెవెల్ చూసే నీళ్ళ ట్యూబుతో మొదటి అంచనా వస్తుంది. మొదటి బోరు దగ్గర నేల ఎత్తు 100.00 మీటర్లు అనుకుని, నీరు 6.20 మీటర్ల కింద ఉంటే నీటి మట్టం 93.80. రెండో చోట నేల 99.60, నీరు 6.10 కింద, అంటే 93.50. మూడో చోట 99.90, నీరు 6.70 కింద, అంటే 93.20. నీరు మొదటి బోరు నుంచి మూడో బోరు వైపు వాలుతోంది. అటువైపు ఇళ్ళను ముందుగా హెచ్చరించాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మెత్తని నేలల్లో ఈ లెక్క బాగా పనిచేస్తుంది. తెలంగాణ, రాయలసీమ గ్రానైట్ నేలల్లో మాత్రం జాగ్రత్త. అక్కడ పైన మొరం, కింద రాయి, రాతిలో పగుళ్ళు. పెట్రోల్ పగులు ఎటుంటే అటు పోతుంది. పక్కింటి బోరు బాగుండి, నాలుగిళ్ళ అవతల బోరు పాడైతే ఆశ్చర్యపోవద్దు. కాలిఫోర్నియాలో 1995లో వందల బంకుల లెక్కలు తీస్తే, బెంజీన్ చాలా చోట్ల 250 అడుగులు దాటలేదని తేలింది. ఆ అంకెను మన రాతి నేలకు అతికించి నిశ్చింతగా ఉండకండి. పైగా మన బోర్లకు కేసింగ్ రాయి తగిలేదాకే దింపుతారు. కేసింగ్ బయట సందు సిమెంటుతో పూడ్చరు. పైన తేలుతున్న పెట్రోల్ ఆ సందులోంచి లోతుకు దారి చేసుకుంటుంది. పాడైన బోరు మీ నీటికి బావి మాత్రమే కాదు, పెట్రోల్‌కు గొట్టం కూడా.

అందుకే నిఘాకు విడిగా బోర్లు వేయించాలి. ఖర్చు బంకు, కంపెనీ భరించాలి, మీరు చూడాల్సింది పని సరిగా జరిగిందా అని. బంకుకు ఎగువన ఒకటి, ట్యాంకుల పక్కన ఒకటి, దిగువన కనీసం రెండు. రెండంగుళాల సన్న పైపు చాలు. నీరు లోపలికి రావడానికి పైపుకు కోసే చీలికలు ఎండాకాలపు నీటి మట్టం కిందినుంచి వానాకాలపు మట్టం పైదాకా ఉండాలి. చీలికలన్నీ నీటి కిందే ఉంటే పైన తేలే పెట్రోల్ లోపలికి రాదు, 'ఏమీ లేదు' అని తప్పుడు రిపోర్టు వస్తుంది. ఈ ఒక్క తప్పు చాలా చోట్ల చూశాను. పైన, తడిస్తే ఉబ్బి సందు మూసే బెంటొనైట్ మట్టితో పూడ్చి, తాళం మూత పెట్టించండి.

అందులో తేలే పెట్రోల్‌ను పారదర్శకమైన బెయిలర్‌తో తీస్తారు, సన్నని గొట్టానికి అడుగున వాల్వు ఉంటుంది. పైకి తీసి వెలుగుకు పట్టుకుంటే కింద నీరు, పైన లేత రంగు పెట్రోల్, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తాయి. పెట్రోల్ పైభాగం 6.00 మీటర్ల దగ్గర, నీరు 6.40 దగ్గర ఉంటే మందం 40 సెంటీమీటర్లు. దాని బరువు నీటిలో ముప్పావు వంతు కాబట్టి నీటిని 30 సెంటీమీటర్లు కిందికి నొక్కి ఉంచుతుంది, అసలు మట్టం 6.10. అయితే బోరులో 40 సెంటీమీటర్లు ఉందని నేలంతా అంత ఉందనుకోవద్దు, మట్టిలో దానికంటే తక్కువే ఉంటుంది.

శుభ్రం చేసే వరుస

కారే చోటు మూయకుండా ఏ శుభ్రతా మొదలుపెట్టనివ్వకండి. తర్వాత తేలుతున్న పెట్రోల్‌ను, పై పొరను మాత్రమే తీసే స్కిమ్మర్‌తోనో వాక్యూమ్ బండితోనో తీయాలి. అది ఉన్నంతకాలం కింది నీటిలోకి బెంజీన్ కరుగుతూనే ఉంటుంది. ట్యాంకు చుట్టూ తడిసిన మట్టిని తవ్వి, అనుమతి ఉన్న చోటికే పంపాలి, ఊరి చెరువు గట్టుకు కాదు.

మట్టి రేణువుల్లో మిగిలినదాన్ని గాలితో లాగుతారు. చిన్న బోర్లకు బ్లోయర్ పెట్టి ఆవిరిని పీల్చి, బొగ్గు ఫిల్టర్ గుండా పంపుతారు. ఇసుక నేలలో బాగా పనిచేస్తుంది, నల్లరేగడిలో గాలి కదలదు, అక్కడ ఈ పద్ధతి చెబితే ప్రశ్నించండి. నీటి అడుగున గాలి వదిలి బుడగలతో బెంజీన్‌ను పైకి తెచ్చే పద్ధతీ ఉంది, దానికి పైన ఆవిరిని పీల్చే ఏర్పాటు తప్పనిసరి. లేకపోతే ఆవిరి ఇళ్ళలోకి చేరుతుంది.

తోడి శుద్ధి చేయడమూ ఒక పద్ధతే, కానీ అది లెక్క ప్రకారం, ఎక్కడ బోరు వేసి ఎంత తోడితే పెట్రోల్ ఇళ్ళ వైపు పోకుండా ఆగుతుందో చూసి చేసేది. తోడిన నీరు శుద్ధి కాకుండా కాలువలోకి వదలకూడదు. ఇళ్ళకు బొగ్గు ఫిల్టర్లు పెడితే ఒకటి కాదు, వరుసగా రెండు పెట్టించండి, రెండిటి మధ్య శాంపిల్ కుళాయి ఉండాలి. మొదటిది దాటి బెంజీన్ కనిపించిన రోజున రెండోదాన్ని ముందుకు మార్చి, వెనక కొత్తది పెట్టాలి.

నేలలోని బాక్టీరియా కూడా బెంజీన్‌ను తింటుంది. గ్రాము బెంజీన్‌కు సుమారు 3 గ్రాముల ఆక్సిజన్ కావాలి. నీటిలో కరిగి ఉండేది లీటరుకు 8 మిల్లీగ్రాముల లోపే, అంటే దాంతో రెండున్నర మిల్లీగ్రాముల బెంజీన్ పోతుంది, అంతే. ఇథనాల్ ఉంటే ఆ ఆక్సిజన్‌ను ముందు అదే తినేస్తుంది, బెంజీన్ ఇంకా దూరం నడుస్తుంది. 'ప్రకృతే శుభ్రం చేసుకుంటుంది' అని కంపెనీ అంటే, ఆక్సిజన్, నైట్రేట్, కరిగిన ఇనుము, సల్ఫేట్, మీథేన్ కొలిచి చూపించమనండి. దిగువ బోర్లలో బెంజీన్ ప్రతిసారీ తగ్గుతుంటేనే ఆ మాట ఒప్పుకోవాలి.

ఎప్పుడు మళ్ళీ తాగొచ్చు

ఎండాకాలంలో మట్టం దిగినప్పుడు పెట్రోల్ కిందిదాకా అంటుకుంటుంది. వానలకు మట్టం లేచి ఆ మట్టిని తడిపితే బెంజీన్ మళ్ళీ నీటిలోకి వస్తుంది. అందుకే మేలో తీసిన ఒక్క శాంపిల్‌తో బాగుందని సంతకం పెట్టకండి. కేంద్ర భూగర్భజల మండలి నీటి మట్టాలను ఏటా నాలుగుసార్లు, జనవరి, వానలకు ముందు, ఆగస్టు, నవంబరులో కొలుస్తుంది. మీరూ అదే క్యాలెండర్ పాటించండి. అవే బోర్లు, అదే పద్ధతి, వీలైతే అదే ల్యాబ్. శుభ్రం చేసే మిషన్లు ఆపేశాక కనీసం ఒక పూర్తి ఏడాది, నాలుగు శాంపిళ్ళూ హద్దు లోపల రావాలి.

అప్పుడు బోరు తెరవండి. ముందు సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి. పెట్రోల్ నీళ్ళు నిలిచిన ప్లాస్టిక్ పైపులు వాసన పీల్చుకుని ఉంటాయి, వాటిని మార్చేయండి. చివరిగా ఒక గాజు సీసా వంటింటి కుళాయి దగ్గరే పట్టి పరీక్షకు పంపండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా బిందె వేరే చోట నింపుకోండి.